సొట్ట మీద పసుపు

నవ్వకూడదు, అలా మాటిస్తేనే చెబుతాను. వర్ధన్నపేటలో మా అత్తగారింటి ముందు కారు ఆపి, స్టీరింగ్ వదిలి దర్జాగా దిగాలని నాకెంత కోరికో మీకు తెలుసు కదా. పెళ్లయిన నాటి నుంచి నేనక్కడ బస్సు దిగే అల్లుణ్ణే. అందుకే కారు కొన్నాం. కానీ మా ఆవిడ సుభాషిణి ఒక షరతు పెట్టింది.

"ఒక్క గీత పడ్డా సరే, తాళంచెవి నా దగ్గర్నే ఉంటది. ఇగ నడుపుడు నేనే!"

మేమిద్దరం డ్రైవింగ్ ఒకేసారి నేర్చుకున్నాం. ఆమెకు డ్రైవింగ్ వచ్చింది, నాకు లైసెన్స్ వచ్చింది.

తెల్లారితే ప్రయాణం. ఆమె బజారుకు వెళ్లగానే కారు కడుగుదామని వెనక్కి తీసి, గేటు స్తంభాన్ని పలకరించాను. వెనక తలుపుకు పూరీ అంత సొట్ట పడింది. టింకరింగ్ ఆయనకు ఫోన్ చేస్తే బండి రెండ్రోజులు వదిలి వెళ్లమన్నాడు. ఇక ఫోన్లో వీడియోనే దిక్కయింది. వేడినీళ్లు పోసి, బాత్రూంలో నీళ్లు ఆగినప్పుడు వాడే రబ్బరు పంపు అంటించి లాగితే సొట్ట బయటికొస్తుందట.

అంటించాను. అది ఇక ఊడితే ఒట్టు. పక్కింటి రాయమల్లును కేకేశాను.

"అన్నా, జర నా నడుం పట్టి గుంజు!"

"ఫికర్ చెయ్యకు తమ్మీ, తలుపే ఊడొస్తది!"

పంపు ఊడింది. ఇద్దరం వెల్లకిలా పడ్డాం. పడుతూ పడుతూ నా మడమ ముందు తలుపును తన్నింది. పాత సొట్ట ఉన్నట్టే ఉంది, దానికో తమ్ముడు పుట్టాడు. రాయమల్లుకు పొయ్యి మీద పాలు గుర్తొచ్చి వెళ్లిపోయాడు.

అంతలో వీధి చివర సుభాషిణి వస్తున్న ఆటో కనిపించింది. దేవుడి గదిలోకి పరుగెత్తి, గిన్నెడు పసుపు కలిపి తెచ్చి రెండు తలుపులకూ మందంగా పట్టించాను.

"ఏందయ్యా ఇది? కారా, ఇంటి గడపనా?"

"మొక్కుకున్ననే. మీ అమ్మగారింటికి పోయేముందు పసుపు పూస్తనని."

"ఒక్క దిక్కే మొక్కినవా?"

"అటు దిక్కు... వచ్చినంక."

సుభాషిణి కుంకుమ తెచ్చి పసుపు మీద బొటనవేలితో బొట్టు పెట్టబోయింది. వేలు లోపలికి దిగింది. ఒక్క క్షణం ఆగింది. ఆమె మాత్రం భక్తిగా దండం పెట్టుకుంది.

"మంచి పని చేసినవ్. కానీ మొక్కినోళ్లు స్టీరింగ్ ముట్టద్దు. కొబ్బరికాయ ఒళ్లె పెట్టుకొని వెనక కూసోవాలె."

"గట్ల ఎక్కడున్నది?"

"మొక్కుకు ఎదురు మాట్లాడతరా? కండ్లు పోతయ్!"

మొక్కు లేదంటే పసుపు కడగాలి. పోయి కొబ్బరికాయ తెచ్చుకున్నాను.

మర్నాడు సుభాషిణి కారును అత్తగారి వాకిట్లో సుతారంగా ఆపింది. చుట్టాలంతా బయటికొచ్చారు. నేను వెనక సీట్లో కొబ్బరికాయను పసిపిల్లలా పట్టుకుని కూర్చున్నాను.

"అల్లుడు వెనక కూసున్నడేంది బిడ్డా?" అంది అత్తమ్మ.

"ఆయనకు మొక్కున్నదమ్మా."

"అయ్యో! ఎన్నొద్దులు?"

"రెండు సొట్టలు సాఫయ్యేదాక."

అందరూ తలుపుల వైపు తిరిగారు. వాకిలంతా నవ్వులే. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి, కానీ కాసేపటికి నాకూ నవ్వాగలేదు. అత్తమ్మ నవ్వుతూనే నా చేతిలోని కొబ్బరికాయ తీసుకుని, తినమని వేడి సర్వపిండి పెట్టింది.