నారికురుపు తెచ్చిన సమానత్వం

1949 ఎండాకాలంలో సూర్యాపేట తాలూకా రేగులవాగు గ్రామంలో అంటరానితనం రద్దయింది. ఎందరో మహానుభావులు గొంతు చించుకున్నా కాని పనిని నారికురుపు తెచ్చే పురుగు, రెండేళ్ళ కరువు సాయంతో, సాధించింది.

ఊరికి దిగుడుబావి ఒక్కటే. మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి కడవ ముంచుకోవాలి. పెద్దకులాల వారు చీము కారే కాళ్ళతో దిగినా ఆ నీళ్ళు పవిత్రమే. మాలవాడ సోమమ్మ మాత్రం కడిగిన కాళ్ళతో పై మెట్టు దగ్గరే నిలబడాలి. ఎవరికైనా దయ కలిగితే ఆమె కడవలో ఒంపుతారు. ఆ దయ తాగిన ఆమె పెనిమిటి కొమురయ్య కాలిలోంచి ఒకనాడు దారంలాంటి పురుగు బయటికి వచ్చింది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కొంచెం చొప్పున లాగాలి. నాట్లకు ఆలస్యమవుతోందని రామనర్సయ్య దొర అతణ్ణి పొలానికి తోలించాడు. పురుగు తెగింది, కాలు వంకరపోయింది. ఇక ఆ ఇంట్లో కూలికి పోయే కాళ్ళు రెండే, అవి సోమమ్మవి.

మొదటి ఏడు వాన మొహం చాటేసింది. బావి అడుగంటింది. ఉన్న నీళ్ళు తమకే చాలవు గనుక దయను తాత్కాలికంగా నిలిపివేస్తున్నట్టు పెద్దలు తీర్మానించారు. సోమమ్మ వాగులో ఇసుక తోడి చెలమ తీసింది. ఇసుకలో వడిసిన నీళ్ళు తేటగా ఊరాయి. వాడంతా అవే తాగింది.

మరుసటి ఎండాకాలానికి ఊళ్ళో ఇంటింటా ఎవరో ఒకరి కాలికి పుల్ల వేలాడింది. వాడలో ఒక్కరికీ లేదు. మిర్యాలగూడ నుంచి వచ్చిన డాక్టరు, నీళ్ళలో దిగవద్దని, గుడ్డతో వడగట్టి తాగమని చెప్పిపోయాడు. ఆ గుడ్డ ఎవరు ఉతికినదై ఉండాలన్న దానిపై మూడు రోజులు పంచాయితీ జరిగి, వడగట్టడమే ఆచారవిరుద్ధమని తేలింది. నాలుగో రోజు, తన కాలికీ పుల్ల వేలాడుతుండగా, రామనర్సయ్య దొరకు జ్ఞానోదయమైంది. బావిని హరిజనులకు ఇచ్చేయాలి, చెలమను ఊరు పుచ్చుకోవాలి. చెలమ మైలపడింది కదా అని ఎవరో గొణిగితే, పంతులు పంచగవ్యం చల్లి ఆ చిక్కు విప్పాడు.

కోదాడ నుంచి సంఘసంస్కర్త జనార్దన్ గారిని బండి కట్టి పిలిపించి, బావి గట్టున సభ పెట్టారు.

"నీ బాంచెన్ దొరా, మాకు బాయి వద్దు. మా చెలమ మాకుండనియ్యి" అంది సోమమ్మ.

"గిదేందే? ఇన్నేండ్లు దూరం పెట్టిన్రని ఏడిస్తిరి. ఇగ రమ్మంటే రానంటవా? నలుగురు ఏమనుకుంటరు?" అన్నాడు దొర.

జనార్దన్ గారు ఆమె మెడలో పూలదండ వేశారు. ఆ పూలమొక్కలకు నీళ్ళెక్కడివని ఎవరూ అడగలేదు.

"సోదరీ, ఇవాళ్టి నుంచి మీకూ మాకూ తేడా లేదు. ఈ రోజు చరిత్రలో నిలిచిపోతుంది" అని సెలవిచ్చి, ఆయన తన మరచెంబులోని కోదాడ నీళ్ళు తాగారు. సోమమ్మ మెట్లు దిగి బావినీళ్ళు దోసిట పట్టింది. ఆమె మింగేదాకా చప్పట్లు ఆగలేదు.

వాగులో మరో చెలమ తీయడం ఊరి మర్యాదను కాలదన్నడమేనని దండోరా వేయించారు. ఊరివారు తమ చెలమను వెడల్పు చేసి మెట్లు కట్టించి, అలవాటు చొప్పున అందులో దిగి నిలబడ్డారు. ఏడాది తిరిగేసరికి వాళ్ళ కాళ్ళకు మళ్ళీ పుల్లలు వేలాడాయి. సోమమ్మ ఎడమకాలికీ ఒకటి వేలాడింది. పెద్దలు విచారణ జరిపి, చెలమ తవ్వింది సోమమ్మే గనుక దోషం ఆమెదేనని తేల్చారు. అయినా సమానత్వాన్ని మాత్రం రద్దు చేయలేదు. వాళ్ళు అంత చెడ్డవాళ్ళు కారు.

ఒక తెల్లవారుజామున మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కుంటుకుంటూ వాగు దిగువకు పోయారు. ఇద్దరికీ కలిపి మిగిలినవి రెండు కాళ్ళు. సోమమ్మ కూర్చుని ఇసుక తోడింది. తేట నీరు ఊరింది. కడవ నింపుకొని, చెలమను మళ్ళీ ఇసుకతో కప్పేయసాగింది.

"మంచి నీళ్ళు గదనే, ఎందుకు పూడుస్తున్నవ్?" అన్నాడు కొమురయ్య.

"ఎవలన్న సూస్తే మల్ల మెడల దండేస్తరు" అంది సోమమ్మ.