గట్టి గోడలు, ముందస్తు బెయిలు

"నన్ను ఏ క్షణంలోనైనా అరెస్టు చేసే కుట్ర జరుగుతోంది" అని మాజీ మంత్రిగారు పత్రికలకు ప్రకటన ఇచ్చారు. ప్రకటన జైలు నుంచే వెలువడింది. ఉద్యోగాల పరీక్ష పేపరు అమ్ముకున్న కేసులో వారు రెండు నెలలుగా మూడో బ్యారక్‌లో విడిది చేసి ఉన్నారు.

ఇప్పుడు అరెస్టు భయం పట్టుకున్న కొత్త కేసు ఆ బ్యారక్ గురించే. పదవిలో ఉండగా వారే దాన్ని దగ్గరుండి కట్టించారు, సిమెంటు వేయించడం ఒక్కటీ మరిచిపోయి. అక్కడ కాపలా కాసే ముసలి వార్డరుకి మాత్రం నెత్తిన పెచ్చు రాలినప్పుడల్లా ఆ సంగతి గుర్తొచ్చేది. నలభై మంది ఖైదీలూ తనూ ఆ కప్పు కిందే బతకాలి. రిపేరు చేయించండి మొర్రో అని మూడు అర్జీలు పెట్టాడు. ఉలుకూ పలుకూ లేదు. మంత్రిగారు దూరదృష్టి కలవారు కనుక పగలంతా ఆరుబయట కుర్చీలోనే గడిపేవారు.

ముందస్తు బెయిలు విచారణకు జైలు సూపరింటెండెంటు, ఆయన వెనక కాగితాల కట్టతో వార్డరూ కోర్టుకు వెళ్లారు.

"లోపలున్న మనిషికి అరెస్టు భయమేమిటండీ?" అన్నారు జడ్జిగారు.

"లోపలున్నది ఆ కేసులోనండి. ఈ కేసు వరకు మా క్లయింటు బయటే ఉన్నారు" అన్నాడు లాయరు.

"పారిపోతేనో?"

"ఆ గోడలు దాటి ఎవరు పోగలరండీ? స్వయంగా ఆయన కట్టించినవి!"

జడ్జిగారు వార్డరు వైపు తిరిగారు. "ఏమయ్యా, గట్టివేనా?"

వార్డరు నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. సూపరింటెండెంటు గుడ్లురిమాడు. వార్డరు రిటైర్మెంటుకి ఇంకా పదకొండు నెలలున్నాయి.

"గట్టివేనండీ" అన్నాడు, సిగ్గుతో చచ్చిపోతూ.

బెయిలొచ్చింది, కొత్త కేసు వరకే. న్యాయం గెలిచిందని మంత్రిగారు మరో ప్రకటన ఇచ్చారు.

మర్నాడు సూపరింటెండెంటు వార్డరు ముందు ఒక కాగితం పెట్టాడు. "సాక్షి సంతకం చెయ్యి. అయ్యగారిని పాత బ్లాకుకు మారుస్తున్నాం."

వార్డరు చదివాడు. "మూడో బ్యారక్ కప్పు కూలేలా ఉందని రాశారేంటండీ?"

"ఆయనకు ప్రాణభయం ఉందయ్యా."

"మరి మా రిపేరు?"

"గట్టిగా ఉందని నువ్వే కదా కోర్టులో చెప్పావు! నీ అర్జీలు నిన్ననే కొట్టేశాను."

వార్డరు సంతకం పెట్టాడు. మూడో బ్యారక్‌లో మంత్రిగారు ఖాళీ చేసిన చోట మధ్యాహ్నానికల్లా మరో ఎనిమిది మందిని వేశారు.