ఐదు నుంచి ఐదున్నర దాకా పరేషాన్

తాళం వేసిన తలుపును వెనక్కొచ్చి మళ్లీ లాగి చూసినందుకు ప్రభుత్వం ఎలాంటి ప్రయాణ భత్యమూ ఇవ్వదు. వనపర్తి కురుమయ్యకు ఉన్న ప్రధాన ఫిర్యాదు ఇదే. గోపాల్‌పేటలో ఒక సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటైన ఆయన, రోజూ బస్టాండు దాకా పోయాక తాళం గుర్తొచ్చి ఇంటికొస్తాడు. తాళం చూసి మళ్లీ బస్టాండు చేరాక గ్యాసు గుర్తొస్తుంది.

దీన్ని జబ్బని ఎవరూ అనుకోలేదు. బాధ్యత అనుకున్నారు. వీధిలో ఎవరి పిల్లలు ఆలస్యమైనా గుండెదడ ఆయనకే. పక్కింటి తాజ్‌బీ కర్నూలు పోతూ "కురుమన్నా, నేనొచ్చేదాకా జర పరేషాన్ అవుతుండు" అని అప్పజెప్పి, బస్సులో హాయిగా నిద్రపోయేది.

ఆయనకు మాత్రం నిద్ర కరువైంది. మెడ పట్టేసింది. చేతులు వణికి ఫైళ్ల మీద టీ ఒలికింది. చివరకు ఒక శనివారం తలకు తువ్వాల చుట్టుకుని, వారానికోసారి ఊరికొచ్చే మనసు డాక్టరు సుమన దగ్గరికి రహస్యంగా వెళ్లాడు. అక్కడ అప్పటికే తువ్వాలలు చుట్టుకున్నవాళ్లు పదకొండు మంది ఉన్నారు. అందులో ఒకరిని చెప్పులను బట్టి తమ ఆఫీసరుగా గుర్తుపట్టాడు. మర్యాద కోసం గుర్తుపట్టలేదు.

డాక్టరమ్మ అంతా విని, "జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్" అంది.

కురుమయ్య ముఖం మాడిపోయింది. "జనరలా మేడం? గింత తిప్పలపడితే జనరల్‌ల ఏస్తిరి?"

"బస్సు సీటు కాదు సార్. ఒక్కదాని మీద కాకుండ అన్నిటి మీద ఆందోళన ఉంటది కాబట్టి ఆ పేరు. తగ్గుతది. గోలీ రోజూ ఏసుకోండి, నన్నడగకుండ బంద్ చెయ్యొద్దు. ఇంకొకటి, ఏ పరేషానొచ్చినా కాయితం మీద రాసి పక్కన పెట్టుండ్రి. సాయంత్రం ఐదు నుంచి ఐదున్నర దాకానే దాని సంగతి చూడాలె."

"నడుమల వస్తే?"

"తర్వాత రమ్మనుండ్రి."

కురుమయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇరవై రెండేళ్లుగా ఆఫీసులో తాను ప్రజలకు చేస్తున్నది వైద్యమని ఆ రోజే తెలిసింది.

తెల్లారి నుంచి గ్యాసు గుర్తొస్తే "ఐదింటికి రా" అన్నాడు. బీపీ గుర్తొస్తే "సార్ లంచ్‌కు పోయిండు" అన్నాడు. సాయంత్రం కాగితం తీసి చూస్తే, పెండింగులో పెట్టిన అర్జీల్లాగే పరేషాన్లు సగం వాటంతటవే కాలం చెల్లిపోయి ఉండేవి. మూడో నెలకు ఆయన గురక పెట్టాడు. భార్య సరోజ ఆ శబ్దానికి భయపడి లేచి కూర్చుంది.

అంతలో కూతురు తేజస్విని ఇంజనీరింగ్ కౌన్సెలింగుకు స్నేహితురాలి కుటుంబంతో హైదరాబాదు బయల్దేరింది. కురుమయ్య ఇంట్లో మిస్డ్ కాల్స్‌కు ఒక పద్ధతి ఉంది. జడ్చర్ల దాటితే ఒక రింగు, షాద్‌నగరైతే రెండు, దిగితే మూడు. జడ్చర్ల రింగు వచ్చింది. షాద్‌నగర్ రాలేదు. ఒంటిగంట, రెండు, మూడు. పిల్ల ఫోను స్విచాఫ్, వెంట పోయినవాళ్ల ఫోను కలవలేదు. వీధంతా వరండాలో చేరి, అలవాటు ప్రకారం కురుమయ్య ముఖం వైపు చూసింది. ఆయన కాగితం మీద "షాద్‌నగర్" అని రాసి, మడిచి, జేబులో పెట్టుకుని, పండుకున్నాడు.

"ఏందయ్యా నీ పండుడు? బిడ్డ ఏడుందో తెల్వకపాయె!" అంది సరోజ.

"ఐదింటికి చూద్దాంలే."

"అల్లా! కురుమన్నకు ఏమో అయింది" అని తాజ్‌బీ గుండె పట్టుకుంది.

ఐదుకు పది నిమిషాలుందనగా మూడు రింగులు మోగాయి. బస్సు పంక్చరై, ఫోను చార్జింగు అయిపోయింది, అంతే. కానీ బిడ్డ క్షేమమన్న మాట ఎవరికీ ఆనలేదు, కురుమయ్య పండుకున్నదే అందరికీ గుచ్చుకుంది. మూడోనాడు తిరిగొచ్చిన తేజస్విని కూడా సంచి దించకముందే ఏడ్చింది. "నాయినా, చార్జింగ్ పెట్టి చూస్తే నీది ఒక్క కాల్ లేదు. అక్కడికొచ్చిన పిల్లలందరి నాయినలు చేసిండ్రు. నేనంటే ప్రేమ, పావురం పోయిందా?"

కురుమయ్యకు గోలీకి అందని చోట కలుక్కుమంది.

శనివారం సరోజ, తాజ్‌బీ కలిసి డాక్టరమ్మ దగ్గరికి పోయారు. "మేడం, మొత్తం తగ్గిచ్చినవు. ఇంట్లకు సరిపోయేంతన్న ఉంచొద్దా? మా మనిషిని మాకియ్యి." డాక్టరమ్మ వాళ్లిద్దరి నాడీ చూసి, ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చి, ఐదు నుంచి ఐదున్నర అంది. వాళ్లు వాటిని చింపేశారు.

ఇల్లు నిలబెట్టుకోవడానికి కురుమయ్యే మార్గం కనిపెట్టాడు. లోపల ప్రశాంతంగా ఉంటూనే, ఎవరు ఊరికి పోయినా తలకు చేయి పెట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరగసాగాడు. నిమిషానికోసారి "చేరిండ్రా?" అని ఫోను చేశాడు. కూతురు నవ్వింది. సరోజ పాయసం వండింది. "అల్లా దయ, అన్న మంచిగయిండు" అని తాజ్‌బీ కర్నూలు పోయింది.

అంతా బాగానే ఉంది. కాకపోతే నిన్న పన్నెండు గంటలకు, వరండాలో తిరుగుతూ తిరుగుతూ కురుమయ్యకు ఒక అనుమానం వచ్చింది. తన పరేషాన్ నిజంగా పరేషాన్‌లాగే కనబడుతుందా, లేదా? సరోజ కనిపెట్టేస్తే? కాగితం మీద రాసి పక్కన పెట్టాడు గానీ, ఐదింటిదాకా ఆగలేక పన్నెండుంబావుకే మడత విప్పి చూశాడు.

అయ్యా, అమ్మా, చదివినవాళ్లు మీరు. ఇతను నటన మానాలా, గోలీ పెంచాలా, వీధి మారాలా? దయచేసి ఒక సలహా రాయండి, మీ కాళ్లు మొక్కుతాం. ఉత్తరం చేరిందా లేదా అని మాత్రం పదేపదే ఫోను చేయకండి. చేయకుండా ఉండలేమంటారా, ఆ డాక్టరమ్మ శనివారం కూర్చుంటుంది. తువ్వాల మీరే తెచ్చుకోవాలి.