ముప్పై రెండు గుడ్లు, మూడు చేతుల రమ్మీ

పుట్టినరోజు కేకుని కొట్లో కొనుక్కొచ్చే మనిషికి కన్నతల్లి మీద ప్రేమ లేదని నేను బల్లగుద్ది చెబుతాను. కావాలంటే ఆ బల్ల కూడా చూపిస్తాను. మా అక్క రోజలిండ్ దాని మీదే పంచదార దిమ్మని సుత్తితో కొట్టింది. ఇప్పుడది ఒక కాలు కుంటుతోంది.

నవ్వండి, నవ్వండి! మూడువందల ఏళ్ళనాటి వంటల పుస్తకం ఇంట్లో అడుగుపెడితే ఆ కుటుంబం ఎంత బాగుపడుతుందో మీకేం తెలుసు?

మొన్న శనివారంతో మా అమ్మ మురియల్‌కి తొంభై ఏళ్ళు నిండాయి. నెలముందే అక్క ఫోన్ చేసి, టీ పార్టీకి ఏం చెయ్యమంటావని అడిగింది.

"ఏం శ్రమ పడకండే," అంది అమ్మ. "మూలకొట్లో దొరుకుతుందే, ఆ జామ్ కేకు, అదొకటి పట్రండి చాలు. మధ్యాహ్నమంతా ముగ్గురం కూర్చుని రమ్మీ ఆడుకుందాం. మీ నాన్న పోయాక ఆ పేకముక్కలు ముట్టుకున్నవాళ్ళే లేరు."

ఇంగ్లండులో, మా డెర్బీషైర్‌లో "శ్రమ పడకండి" అంటే బాగా శ్రమ పడమని. పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు ఈ సంగతి. ఇక్కడ ఎవరైనా మన ఒళ్ళో వేడి టీ ఒలకబోస్తే మనమే వాళ్ళకి సారీ చెబుతాం. అంత మొహమాటస్తుల ఊళ్ళో ఒక మనిషి నోరు తెరిచి తనకేం కావాలో ఉన్నదున్నట్టు చెబితే ఎవరు నమ్ముతారు? మేమూ నమ్మలేదు.

పైగా మా దగ్గర సాక్ష్యం ఉంది. పన్నెండేళ్ళ కిందట అక్క ఏదో పాతపుస్తకం చూసి కేకులో షాజీరా వేసింది. అవును, కేకులో! అమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "లవ్లీ" అంది. అంతే! అప్పట్నుంచీ అక్క ఏటేటా చరిత్రలో ఇంకొంచెం వెనక్కి నడుస్తూనే ఉంది.

పాత వంటల్లో గొప్పతనం ఏమిటంటే, వాటికి టైము పట్టింపు ఉండదు. "చాలినంత సేపు కాల్చవలెను" అంటుంది పుస్తకం. చాలినంత అంటే ఎంత? అరగంటా? ఆగస్టు దాకానా? మనిషిని గడియారం బానిసత్వం నుంచి విడిపించడమంటే ఇదీ!

ఇక ఆరోగ్యం సంగతి. శనివారం ఇద్దరం అమ్మ వంటింట్లో చేరాం. ఈ ఏటి కేకుకి ముప్పై రెండు గుడ్లు. వాటిని చెట్టు రెమ్మల కట్టతో రెండు గంటలపాటు ఒకే దిక్కున గిలక్కొట్టాలి. చెయ్యి మారవచ్చు, దిక్కు మారకూడదు.

"మిక్సర్ ఉందిగా అక్కా?" అన్నాను.

"ఆ రోజుల్లో కరెంటు ఉందిట్రా?"

"ఆ రోజుల్లో నలుగురు పనివాళ్ళుండేవాళ్ళు."

"ఇప్పుడు నువ్వున్నావుగా. కొట్టు."

జిమ్ముల్లో చెమటోడుస్తున్న అమాయకులారా, వింటున్నారా?

కేకులోకి అంబరు కూడా కావాలిట. తిమింగలం పొట్టలో పుడుతుందిట అది. అక్క మందుల షాపుకి ఫోన్ చేసింది. "అది లేదు కానీ మేడమ్, దగ్గుమందు ఉంది," అన్నాడు ఆ పిల్లాడు చాలా మర్యాదగా.

అప్పుడే హాల్లోంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఒరే నోయెల్! ముక్కలు పంచేశానర్రా. వస్తున్నారా?"

"ఐదే ఐదు నిమిషాలమ్మా!"

ఐదు నిమిషాలంటే ఎంతో కూడా ఆ పుస్తకంలో రాయలేదు.

అన్నిటికన్నా ముఖ్యం, పాత వంటలు ఊరిని ఏకం చేస్తాయి. నాలుగింటికి టీ అన్నాం కదా, పక్కింటి ప్లమ్లీ గారు అమ్మకని పూలగుత్తి పట్టుకుని ఠంచనుగా దిగారు. రెండు నిమిషాల్లో పూలు సింకులో, గుడ్ల గిన్నె ఆయన ఒళ్ళో! అమ్మని ఆశీర్వదించడానికి వచ్చిన పాస్టరమ్మ గారికి రోలు అప్పగించాం. పన్నీరు చిలకరిస్తూ బాదంపప్పు నూరుతూ కూర్చుందావిడ. వచ్చినవాళ్ళెవరూ వంటిల్లు దాటి హాల్లోకి వెళ్ళలేదు. దీన్ని మించిన ఐకమత్యం ఎక్కడైనా చూశారా?

"నోయెల్!" మళ్ళీ అమ్మ. "ఈసారి నీకు భలే ముక్కలు పడ్డాయిరా. వచ్చి చూసుకో!"

"అయిపోయిందమ్మా, వచ్చేస్తున్నా!"

ఆరున్నరకి కేకు బయటికి వచ్చింది. పైన బొగ్గు, లోపల జావ. "చాలా ఇంటరెస్టింగ్‌గా ఉందండీ," అన్నారు ప్లమ్లీ గారు. మా వైపు తిండిని ఆ మాట అన్నారంటే ఇక చెప్పేదేముంది! ఆయన తన ముక్కని బల్ల కిందనుంచి అమ్మ పెంపుడు కుక్కకి అందించారు. ఆ గుంపులో మొహమాటం లేని ప్రాణి అదొక్కటే. వాసన చూసి లేచి పక్కగదిలోకి వెళ్ళిపోయింది.

అమ్మ వంటింట్లోకి వచ్చి ఒక ముక్క తింది. కిటికీలోంచి బయటికి చూసింది. అక్క ఊపిరి బిగబట్టింది.

"లవ్లీ," అంది అమ్మ.

అందరూ వెళ్ళాక హాలు సర్దుతుంటే బల్ల మీద పేకముక్కలు కనిపించాయి. మూడు కుర్చీలు, ఒక్కో కుర్చీ ముందు పదమూడేసి ముక్కలు, బోర్లించి.

"ఎవరితో ఆడావమ్మా?"

"ఎవరితో ఏమిట్రా? ముగ్గురం ఆడాం. నీ వంతు వచ్చినప్పుడు నీ కుర్చీలో కూర్చున్నాను, రోజీ వంతు వస్తే దాని కుర్చీలో. నా ముక్కలు మీకు కనబడకుండా బోర్లించి మరీ లేచాను. ఆటన్నాక న్యాయం ఉండాలిగా?"

తొంభై ఏళ్ళ మనిషి. నాలుగు గంటలపాటు ఆ బల్ల చుట్టూ, కర్ర పట్టుకుని, కుర్చీ నుంచి కుర్చీకి!

"మరి ఎవరు గెలిచారు?"

"నువ్వే. మూడాటలు. చెప్పానుగా, ఇవాళ నీకు భలే ముక్కలు పడ్డాయని."

సిగ్గుతో చచ్చిపోయాను. కానీ పాఠకులారా, నా వాదన మాత్రం మార్చుకోను. పాతకాలం మీద మాకున్న ప్రేమ అలాంటిలాంటిది కాదు! మూడువందల ఏళ్ళ కిందట ఆ పుస్తకం రాసి పోయిన ముక్కూ మొహం తెలియని ఆవిడ రెండు గంటలు గిలక్కొట్టమంటే కిమ్మనకుండా కొడతాం. అదే పాతకాలం పక్కగదిలో బతికుండి, కూర్చుని పిలిస్తే మాత్రం ఐదు నిమిషాలంటాం. బతికున్నవాళ్ళ దగ్గర కూర్చోవడం తప్పించుకోవడానికి ఇంతకంటే మర్యాదైన దారి ఇంకోటి ఉంటే చెప్పండి.

వెళ్ళబోతూ అక్క కోటు వేసుకుంటూ అడిగింది, "వచ్చే ఏడాదికి ఏం చెయ్యమంటావమ్మా?"

అమ్మ ముక్కలన్నీ ఒక్కటొక్కటిగా ఏరి, కట్ట కట్టి, రబ్బరు బ్యాండు వేసి సొరుగులో పెట్టింది.

"ఏం శ్రమ పడకండే," అంది.

రమ్మీ ఊసెత్తలేదు.