నాలుగో భుజం, మూడు కాళ్లు

“నాలుగో భుజం” సేవాసంస్థకు ఫోటోల యాప్‌లో ఫాలోవర్లు వెయ్యి దాటిన రోజు ఉదయం, ఆ వెయ్యిమందీ వచ్చి వ్యవస్థాపకుడు ఏకాంబరం వెనక నిలబడ్డారు. అప్పుడాయన పళ్లు తోముకుంటున్నాడు. ఫాలో అవుతామని వాళ్లు మాటిచ్చారు, అవుతున్నారు. మాట మీద నిలబడేవాళ్లే కరువైన రోజుల్లో వీళ్లు మాట మీదా నిలబడ్డారు, చోటు చాలక పక్కింటి అరుగు మీదా నిలబడ్డారు.

సంస్థ పని చిన్నది. నా అన్నవాళ్లు లేనివాళ్లు పోతే పాడె మోయడం. ఏకాంబరం, వ్యాను నడిపే మస్తాన్, ఇస్త్రీ బండి పిచ్చయ్య, పీచుమిఠాయి అమ్మే రత్తయ్య. అంతే కార్యవర్గం, అంతే భుజవర్గం. కొన్నేళ్ల కిందట ఏకాంబరం భార్య పోయినప్పుడు మోయడానికి ముగ్గురే తేలారు. దారిన పోతున్న రత్తయ్య సైకిలు ఆపి, స్టాండు వేసి, మిఠాయి గంట మోగకుండా దానికి తువ్వాలు చుట్టి, ఎవరు ఏమిటని అడగకుండా నాలుగో మూల కింద భుజం పెట్టాడు. సంస్థకు పేరు అక్కడే పుట్టింది. ఇప్పుడా రత్తయ్యకు ఆయాసం పట్టుకుంది. ఇంకొక్క భుజం దొరక్కపోతుందా అని సంస్థ ఫోటోల యాప్‌లో చేరింది.

ఖాతా చూసుకోవడానికి ఒంగోలు నుంచి హిమజ అనే అమ్మాయి వచ్చేది. అప్పటికే ఒక కుక్కల సంస్థనీ, ఒక మొక్కల సంస్థనీ, ఒక అక్కల సంస్థనీ పైకి తెచ్చిన పిల్ల.

“మీ గురించి ఒక్క ముక్కలో రాయాలంకుల్. ఏం రాయమంటారు?”

“మోసేవాళ్లం, మోసగాళ్లం కాదు అని రాయమ్మా.”

“సూపర్. రోజూ ఒకే టైముకి పోస్టు పడాలి.”

“మనం పోస్టు పెట్టాలంటే ముందు ఒకరు పోవాలి గదా. టైముకి పొమ్మంటే ఎవరు పోతారు?”

“పాతవే మళ్లీ పెడదాం. పోయినవాళ్ల ముఖం వద్దు, మోసేవాళ్ల ముఖాలు కావాలి. పొద్దుటి ఎండలో తీస్తే వెలుగు బాగుంటుంది. కింద ట్యాగులుండాలి.”

“ట్యాగంటే మార్చురీలో కాలి బొటనవేలికి కడతారే, అదేనా?” అన్నాడు మస్తాన్.

“అదే అన్నా. కాకపోతే ఇది ఊరంతా చదువుద్ది,” అంది హిమజ.

ఆమె చెప్పినవన్నీ చేశారు. ప్రతి కామెంటుకూ జవాబిచ్చారు. ‘ఆత్మకు శాంతి’ అన్నవాళ్లకు నమస్కారం పెట్టారు. ‘ఆ బంతిపూలు ఎక్కడ కొన్నారు?’ అన్నవాళ్లకు పూలకొట్టు దారి చెప్పారు. పాడె ఎప్పుడూ నలుగురి మీదే నడిచింది. ఫాలోవర్లు మాత్రం వెయ్యి మీద వెయ్యి, వెయ్యి మీద వెయ్యి పెరిగి పదకొండు వేలయ్యారు.

మున్సిపాలిటీ వారికి ఇది కొత్తేమీ కాదు. చీరల కొట్టు యజమానికి అప్పటికే అరవై వేలమంది ఉన్నారు. ఆయన వీధి దాటే వేళకు స్కూలు బస్సులు వేరే దారిన పోతాయి. ఏకాంబరానికి కూడా నిత్య ఊరేగింపు పర్మిట్టు ఇచ్చారు. వెంట వచ్చేవాళ్లను ఏ పద్దు కింద రాయాలో గుమాస్తాకు తోచలేదు. ‘వెనకబడినవారు’ అన్న గడి అప్పటికే వేరే పనికి వాడుకలో ఉన్నందున, ‘వెనకనున్నవారు’ అని కొత్త గడి గీశాడు.

ఫాలోవరు వెనకే ఉండాలన్నది యాప్ నియమం. ఏకాంబరం ఒకసారి పలకరిద్దామని గిరుక్కున వెనక్కి తిరిగాడు. పదకొండు వేలమందీ అంతే వేగంగా చుట్టూ తిరిగి మళ్లీ ఆయన వెనక్కి చేరారు. ఆ సుడికి రెండు కొబ్బరిబొండాల బళ్లు తిరగబడ్డాయి. ఆ తర్వాత ఆయన తిరగడం మానేశాడు. సెలూన్లో కూర్చున్నప్పుడు అద్దంలోనైనా కనిపిస్తారని చూశాడు. ముఖాలు ఉండవలసిన చోట ఫోన్లున్నాయి. వాళ్లు ఆయనకు చెప్పుల చప్పుడుగానే తెలుసు. హోటల్లో ఇడ్లీ తింటుంటే ఎదురు కుర్చీ ఎప్పుడూ ఖాళీయే. అంతమంది జనాన్ని చూసి పాత స్నేహితులు కూడా, “ఏకాంబరానికేం తక్కువరా, మందీ మార్బలం!” అంటూ పక్క సందులోంచి పోయేవారు. పేరులోని ‘ఏక’ తప్ప ఆయనతో మాట్లాడేవారు లేరు.

అలాంటి రోజుల్లో రత్తయ్య పోయాడు. పెళ్లీ పిల్లలూ లేని మనిషి. ఏకాంబరం ఆయన సైకిలును తెచ్చి ఆఫీసు గోడకు ఆనించి చాలాసేపు, ఆఖరుసారి పాడె మోసినప్పుడు రత్తయ్య దాని గంటకు చుట్టిన తువ్వాలు చూస్తూ కూర్చున్నాడు.

“వ్యాన్లో తీసకపోదాం అన్నా. కాటిదాకా బండి పోద్ది,” అన్నాడు మస్తాన్.

“నా ఇంటిదాన్ని మోసిన భుజంరా అది. దాన్ని బండికెత్తుతామా? నలుగురం మొయ్యాల్సిందే.”

“నలుగురెక్కడ? నలుగురం అనేది నలుగురికీ తెలిసిన మాటే గానీ, లెక్కెడితే ముగ్గురమే.”

ప్రతి పోస్టు కిందా ఒకే ఒక్క పని అడగాలని, అదీ తేలిగ్గా అర్థమయ్యేలా అడగాలని హిమజ నేర్పింది. అలాగే అడిగారు. ‘రేపు ఉదయం రత్తయ్యకు ఒక్క భుజం కావాలి.’ పక్కన సైకిలు ఫోటో. తెల్లారేసరికి తొమ్మిదివేలమంది గుండె గుర్తు నొక్కారు. అడిగింది భుజం, ఇచ్చింది గుండె. శరీరంలో ఈ రెంటికీ మధ్య జానెడే దూరం.

ఏకాంబరం ఆలోచించాడు. వాళ్ల తప్పేమీ లేదు. వాళ్లు వెనకే ఉండాలి. పాడెకు మాత్రం వెనక భాగం లేదా? తనూ పిచ్చయ్యా ముందు పట్టి, మస్తాన్ను వెనక ఎడమకు పెడితే, వెనక కుడి మూల ఖాళీ. నియమం తప్పకుండానే ఒకరు భుజం పెట్టవచ్చు. ఈ సంగతి తట్టగానే ఆయన తెల్లచొక్కాకు ఇస్త్రీ చేయించుకున్నాడు.

“వెనక కుడిపక్క ఖాళీ ఉందయ్యా!” ముందుకే చూస్తూ గట్టిగా అరిచాడు. “ఎవరైనా సరే! నేను తిరగను, చూడను, పేరు కూడా అడగను!”

పాడె లేచింది. వెనక కుడి మూల కాసేపు కిందికి ఒరిగింది. చెప్పుల చప్పుడు ఆగింది. తర్వాత మూల నెమ్మదిగా లేచి మిగతా మూడింటితో సమమైంది.

“ఎత్తారా?” అన్నాడు ఏకాంబరం.

“ఆఁ... నడువన్నా,” అన్నాడు వెనక నుంచి మస్తాన్.

దారంతా ఏకాంబరం మాట్లాడుతూనే ఉన్నాడు. రత్తయ్య పీచుమిఠాయిలో గులాబీరంగు ఎందుకు తక్కువ కలిపేవాడో చెప్పాడు. భార్యను మోసిన రోజు కాలవ వంతెన మీద రత్తయ్య అడుగు ఎలా మార్చాడో చెప్పాడు. “మీదే ఊరు?” అని అడిగి, పేరు అడగనన్న మాట గుర్తొచ్చి, “ఊరే అడిగాలే,” అని నవ్వాడు. వెనక నుంచి జవాబు రాలేదు. బరువు మోసేవాడికి ఊపిరి ఎక్కడుంటుంది అనుకున్నాడు. కిర్రుకిర్రుమని చిన్న చప్పుడు మాత్రం వస్తోంది. కొత్త చెప్పులనుకున్నాడు.

కాలవ దాటాక దింపుడు కళ్లం. అక్కడ పాడె దించి, పోయినవాడి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు, ప్రాణం ఇంకా ఎక్కడైనా దాక్కుని ఉందేమోనన్న ఆశతో. ఇక్కడ పాడె దించారు, అక్కడ పదకొండు వేలమంది ఫోటోలు దించారు. ఏకాంబరం వంగి, “రత్తయ్యా, రత్తయ్యా, రత్తయ్యా,” అని పిలిచి తలెత్తేసరికి వెనక కుడి మూల కంటబడింది. అక్కడ హిమజ తన ఫోన్ స్టాండును కట్టింది. మూడు కాళ్లు. మూడింటికీ చక్రాలు.

“ఎవరో ఒకరు స్టాండు తీసుకోవాలి గదంకుల్,” అంది హిమజ, తాడు వదులైందేమో చూస్తూ. “మాది బరువు బాగా మోస్తది.”

ఏకాంబరం మస్తాన్ వైపు చూశాడు. “చెప్పలేదేరా?”

“నవ్వతా నడుస్తన్నావన్నా,” అన్నాడు మస్తాన్. “నువ్వు నవ్వి శానా రోజులైంది.”

ఆనాడు స్టాండు వేసినవాడు భుజం ఇచ్చాడు, ఈనాడు స్టాండే భుజం ఇచ్చింది. మిగిలిన దారి కూడా అలాగే పూర్తయింది. ఆ ఫోటోకు సంస్థ చరిత్రలోనే అత్యధిక ఆదరణ లభించింది. కుక్కల సంస్థ, అక్కల సంస్థ వారు కూడా ఏ కంపెనీ స్టాండని వాకబు చేశారు. ఒక దాత మరో మూడు పంపాడు. నాలుగు స్టాండ్లున్నాయి కనక ఇప్పుడు పాడె మోయడానికి ఎవరూ రానక్కర్లేదు. ఎత్తు మాత్రం రత్తయ్య భుజానికి సరిపడా బిగించి ఉంచారు.

ఒకరోజు ఏకాంబరం హిమజను ఒక నియమం అడిగాడు. “నేను పోయినప్పుడైనా వాళ్లు ముందుకొస్తారామ్మా?”

ఆమె ఫోన్లో వెతికింది. “వస్తారంకుల్. పాడె ఎక్కిన మనిషి అకౌంటు స్మారకం కింద లెక్క. స్మారకాన్ని ఎదురుగా నిలబడి చూడొచ్చు. కడసారి చూపు గదా. కళ్లు మాత్రం మూసుకుని ఉండాలి, తెరిస్తే మళ్లీ మామూలు అకౌంటే.”

“పోయే ఉండాలని ఉందా?”

ఆమె మళ్లీ చూసింది. “పోయి ఉండాలని రాయలేదంకుల్.”

ఆ సాయంత్రం నుంచి ఏకాంబరం ఆఫీసు ముందు పాడె మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుంటున్నాడు. చెప్పుల చప్పుడు నెమ్మదిగా వెనక నుంచి ముందుకు వస్తుంది. ఊపిర్లు దగ్గరవుతాయి. ఎవరో గొంతు సవరించుకుంటారు. ఎవరో, “పాపం, మంచాయన,” అంటారు. ఒకసారి ఎవరిదో చెయ్యి చొక్కా గుండీ సర్దింది.

చీకటి పడే వేళకు మస్తాన్ వ్యాను తాళాలు తీసుకుని వస్తాడు. పాడె పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చెవి దగ్గరకు వంగి, “ఏకన్నా,” అని పిలుస్తాడు. ఆగి మళ్లీ పిలుస్తాడు. మూడోసారి కూడా పిలుస్తాడు.

ఏకాంబరానికి వినబడుతూనే ఉంటుంది. పలకడు.