పెళ్లికారుకు వెడల్పు టైర్లు

ఆ ఉదయం దేవానందం చేయవలసిన పని ఒక్కటే. ఉప్పల్‌లో అక్క ఇంటి నుంచి పెళ్లికూతురు ఎస్తేర్‌ను తన పాత ఎర్ర స్పోర్ట్స్ కారులో ఎక్కించుకుని, పదింటికల్లా నాచారం చర్చిలో దింపాలి. పెళ్లికొడుకు తండ్రి దయాకర్ మిలిటరీలో పనిచేసి వచ్చిన మనిషి. నిశ్చితార్థానికి ఆలస్యమైందని అక్కను అందరి ముందూ కడిగేశాడు. ఆమె ఆ రోజంతా ఏడ్చింది. అందుకే మేనకోడలిని టైముకు చేర్చే బాధ్యత దేవానందం తన నెత్తిన వేసుకున్నాడు.

వేసుకున్నవాడు ఊరుకోవచ్చు కదా. అరిగిన టైర్లు మార్పించడానికి వెళ్లి, చక్రాలు కూడా పెద్దవి వేయించాడు. వాటికి వెడల్పాటి టైర్లు. "ఈ బండికి గీ సైజు కాదన్నా, లోపల తాకుతది" అన్నాడు షాపతను. ఇంజనీరింగ్ యూనిట్‌లో ఏళ్ల తరబడి కొలతలు చూసే తనకే సైజులు చెబుతాడా అని దేవానందానికి కోపం వచ్చింది. ఇంటిదాకా నడిపి చూసుకున్నాడు. ఎక్కడా తాకలేదు.

"టైర్లు తెమ్మంటే ఎడ్లబండి చక్రాలు తెచ్చినవ్" అంది భార్య మరియమ్మ.

"చక్రం నిండుగుంటేనే బండికి అందం. నీకు తెల్వదు, ఊకో!"

తెలియనిది ఆయనకే. షాపు నుంచి ఇంటికి ఉన్న మలుపులన్నీ కుడివైపువే.

పెళ్లిరోజున మొదటి ఎడమ మలుపులో కారు గర్రుమంది. ఎప్పుడో గుద్దుకుని లోపలికి వంగిన రేకుకు కొత్త టైరు ఒరుసుకుంటోంది. రబ్బరు వాసన లోపలికి కొట్టింది.

"ఏంది మామా గది?" అంది ఎస్తేర్ భయంగా.

"ఏం లేదు బిడ్డా" అంటూ కుడికి తిప్పి చూశాడు. హాయిగా తిరిగింది.

ఇక దారి ఒకటే. ఎడమకు పోవలసిన ప్రతిచోటా ముందుకు పోయి, యూటర్న్ కొట్టి, వెనక్కి వచ్చి కుడికి తిరగాలి. ఆయన అలాగే చేశాడు. వెనక బ్యాండు బండి, ఆటోలు, బైకులు కూడా మారు మాట్లాడకుండా అలాగే చేశాయి. నాచారంలో ఒక చాయ్ హోటల్ ముందు నుంచి రెండోసారి వెళ్తుంటే జనం గ్లాసులతో సహా బయటికి వచ్చి చూశారు.

"మామా, చర్చి సందు దాటిపోయినం!"

"చూసిన బిడ్డా. దాటాలె, మల్ల రావాలె."

"ఇయ్యాల గూడ అమ్మను అందరి ముందట అంటడు మామా" అంది ఎస్తేర్, కళ్లనిండా నీళ్లతో.

దేవానందానికి ప్రాణం ఉసూరుమంది. "తప్పు నాదే బిడ్డా. సోకుకు పోయిన. ఆయన కాళ్లైనా పట్టుకుంట."

చర్చి చేరేసరికి పది ఎప్పుడో దాటింది. ముందే వచ్చిన మరియమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది.

"దయాకరన్న మస్తు కోపంగ ఉన్నడా?" అన్నాడు దేవానందం గొంతు తగ్గించి.

"ఏడున్నడు? పాస్టరయ్య ఒక్కరే కూసున్నరు."

అంతలో ఊరేగింపు చివర నుంచి ఒక తెల్ల వ్యాను వచ్చి ఆగింది. అందులోంచి పెళ్లికొడుకు, వెనకే చెమటలు కక్కుతూ దయాకర్ దిగారు.

"మాఫ్ జెయ్యండమ్మా, లేటయింది" అన్నాడాయన, ఆటో దిగుతున్న అక్కతో. "మా డ్రైవర్‌కు సందు తెల్వదు. తొవ్వల మీ కారు కనబడితే ఎన్కనే పొమ్మన్న. గన్ని చుట్లెందుకో అర్థం గాలే. మీ దిక్కు రివాజేమోనని ఊకున్న."

ఎస్తేర్ ముసుగు కింద నవ్వు ఆపుకుంది. అక్క కొంగు సర్దుకుని, తలెత్తుకుని లోపలికి నడిచింది.

"రివాజే అన్నా" అన్నాడు దేవానందం, ఎంతో గంభీరంగా.

పెళ్లి చక్కగా జరిగింది. కారు మాత్రం ఇంకా చర్చి ఆవరణలోనే ఉంది. గేటు దాటగానే కుడివైపు గోడ, దారి ఎడమకే.