అందరి నంబరూ తొమ్మిదే

పోటీ పుట్టినప్పటి నుంచీ లోకంలో ఒక అన్యాయం సాగుతోంది. ఒకడు ముందుంటాడు, మిగిలినవాళ్లు వెనకుంటారు. దీన్ని అరికట్టాలని 1998లో గట్టిగా తీర్మానించింది గన్నవరం మోటారు సైకిల్ పందేల సంఘం ఒక్కటే. (మిగిలిన సంఘాలు ఇంకా గెలుపు ఓటములతోనే కాలక్షేపం చేస్తున్నాయి.)

ఈ సంస్కరణ వెనక ఉన్నవాడు బెంజ్ సర్కిల్ దగ్గర రిపేరు షెడ్డు నడిపే దాదాపీర్. లాభం నష్టం తూచుకోకుండా తుమ్మనైనా తుమ్మని మనిషి. ఏటా కాలవ గట్టు మీద జరిగే పందెంలో ఎవరి షెడ్డు గెలిస్తే, కుర్రకారు బళ్లన్నీ ఆ ఏడాదంతా ఆ షెడ్డుకే పోతాయి. వరసగా మూడేళ్లు గన్నవరంలో షెడ్డున్న జక్కయ్యే గెలిచాడు. కార్బురేటర్‌కు ఏం చేసేవాడో, పందెంలో ఆ బండి నడిపే కన్నకొడుకు పాల్‌కు కూడా చెప్పేవాడు కాదు. ఇక్కడ దాదాపీర్ పానాలు తుప్పు పడుతున్నాయి. ఈసారీ ఓడితే షట్టరు దించెయ్యాల్సిందే.

తక్కెడ మనవైపు మొగ్గాలంటే మన పళ్లెంలో బరువు వెయ్యాలి, లేదా ఎదుటి పళ్లెంలోంచి తియ్యాలి. రెండోది చౌక. అందుకని దాదాపీర్ సంఘం అధ్యక్షుడు, రిటైరైన బ్రేక్ ఇన్‌స్పెక్టరు వెంకటసుబ్బారావు గారిని కలిసి, బళ్లన్నీ ఒకేలా ఉంటే నడిపేవాడి సత్తా బయటపడుతుందని విన్నవించుకున్నాడు. బావమరిది తారిక్‌లా బండి నడిపేవాడు చుట్టుపక్కల లేడని అతని నమ్మకం. అది నిజం కూడా.

జక్కయ్య ఊరుకోలేదు. "బళ్లన్నీ ఒకటే అయితే మా చేతులెందుకండీ? అద్దె సైకిళ్ల మీద పెట్టుకోండి పందెం."

"చేతులు కూడా సమానంగానే ఉండాలయ్యా," అన్నారు అధ్యక్షులవారు.

రూల్స్ వచ్చాయి. ఒకే కంపెనీ బళ్లు, ఒకే రకం టైర్లు, కార్బురేటర్‌కు లక్క సీలు. ఎవరికే బండో చీటీ తీస్తారు. ఎర్ర చొక్కా, ఎర్ర హెల్మెట్టు అందరికీ ఒకటే. బరువులో తేడా రాకూడదని బక్కవాళ్ల వీపుకు ఇసుక మూట కట్టాలన్నారు. పాల్ పక్కన తారిక్ అగ్గిపుల్ల కనుక పెద్ద మూట అతనికే పడింది.

"బావా, నేను పందేనికి పోతున్నానా, మేస్త్రీ పనికా?" అన్నాడు తారిక్.

ఒక బండికి నిమ్మకాయలు తొక్కించి, ఒక బండికి ఫాతిహా చదివించి, ఇంకో బండికి పాస్టరు గారు ప్రార్థన చేస్తే దైవసహాయంలో హెచ్చుతగ్గులు వస్తాయి. కాబట్టి అన్ని బళ్లకూ మూడూ జరిపించారు. (దేవుళ్ల వైపు నుంచి అభ్యంతరాలేవీ అందలేదు.)

చివరికి నంబర్ల దగ్గర పేచీ వచ్చింది. కలిసొచ్చే నంబరని అందరికీ తొమ్మిదే కావాలి. ఒకరికిస్తే మిగతావాళ్లకు అన్యాయం. అధ్యక్షులవారు కళ్లు మూసుకుని ఆలోచించి, అందరికీ తొమ్మిదే ఇప్పించారు. సభ చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టినవాడు దాదాపీర్.

పందెం రోజున అధ్యక్షులవారి జీపు దారి చూపిస్తూ ముందు నడిచింది. వెనక బళ్లు బయల్దేరాయి. మైకులో వ్యాఖ్యానం చెప్పే ఏసుపాదం గొంతు ఖంగుమంది: "తొమ్మిది ముందంజలో ఉంది! తొమ్మిది దాన్ని తరుముతోంది! అయ్యో, తొమ్మిది పడిపోయింది!"

దాదాపీర్ భార్య మెహబూబ్ బీ మొగుడి చొక్కా పట్టుకు లాగింది. "ఏమండీ, పడ్డ తొమ్మిది మా తమ్ముడా?"

"ఇంకా ఖరారు కాలేదు," అన్నాడు దాదాపీర్.

కానీ వంతెన మలుపులో ఎడమ భుజం నేలకు రాసేంత దించి, ఇసుక మూటతో సహా అందరినీ దాటి వచ్చినవాణ్ణి అతను గుర్తుపట్టాడు. తారికే. జీపు వెనకే గీత దాటాడు. దాదాపీర్ పరుగున స్టేజీ ఎక్కాడు. అప్పటికే హెల్మెట్లు తీసిన కుర్రాళ్లందరూ గెలిచింది తామేనంటున్నారు.

"మావాడే అండీ. ఆ భుజం దించడం ఇంకెవరికీ రాదు."

"భుజం రూల్స్‌లో లేదు," అన్నారు అధ్యక్షులవారు.

"తారికే సార్, నేనూ చూశాను," అన్నాడు జక్కయ్య.

ఓడినవాడి సాక్ష్యం చెల్లదన్నారు. ఓడాడని ఎలా తెలిసిందని ఎవరూ అడగలేదు. రికార్డు తెరిస్తే మొదటి స్థానం తొమ్మిది, రెండో స్థానం తొమ్మిది, అలా కిందిదాకా తొమ్మిదే. అందరికంటే ముందు గీత దాటి, నంబరు వేరుగా ఉండి, సందేహానికి తావివ్వని వాహనం ఒక్కటే. కప్పు జీపుకిచ్చారు.

అధ్యక్షులవారు వినయంగా దండ వేయించుకుని, ఈ ఘనత తనది కాదని, జీపును కంటికి రెప్పలా చూసుకునే మెకానిక్‌దని మైకులో సెలవిచ్చారు. మెకానిక్ జక్కయ్య.

సోమవారానికి జక్కయ్య షెడ్డు ముందు బళ్లు హైవే దాకా నిలిచాయి. ఒక్కడివల్లా పని తెమలక అతనే బెంజ్ సర్కిల్‌కు వచ్చి, బావాబావమరుదులిద్దరినీ మర్యాదగా పిలుచుకుపోయాడు.

పందెం ఎలా జరిగింది భాయ్ అని ఎవరైనా అడిగితే, దాదాపీర్ జక్కయ్య షెడ్డులో పానా తిప్పుతూ చెబుతాడు:

"చాలా న్యాయంగా జరిగిందండీ. రూల్స్ నేనే అడిగి పెట్టించాను."